కెమెరాలు బిగించారు సరే, తలుపులు చూశారా?

సంపాదకులు గారికి నమస్కారం.

మన జిల్లాల్లో ఎక్కడ ఆఫీసు తాళం పగిలినా మర్నాడు అందరూ అడిగే మొదటి ప్రశ్న, సీసీ కెమెరాలు ఉన్నాయా అని. కెమెరాలున్న చోట కూడా తాళాలు అంతే సులువుగా పగులుతున్నాయి. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలో బ్యాంకు దోపిడీ జరిగిన తీరు గుర్తు చేసుకోండి. దొంగలు కిటికీ గ్రిల్ తీసి లోపలికి దిగారు. అలారం, కెమెరాల వైర్లు కోసేశారు. గ్యాస్ కట్టర్‌తో లాకరు తెరిచి సుమారు 19 కిలోల బంగారం ఎత్తుకెళ్ళారు. పోతూ పోతూ రికార్డింగు ఉండే డీవీఆర్‌ను కూడా పట్టుకుపోయారు. కెమెరా, అలారం, లాకరు మూడూ ఉన్నాయి. వైరు తెగిన ఆ క్షణంలో బయట ఎవరికీ కబురు అందలేదు.

బ్యాంకులకు కనీసం రిజర్వు బ్యాంకు అజమాయిషీ ఉంటుంది. హన్మకొండ, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ పట్టణాల్లో గల్లీకొకటి ఉన్న చిట్‌ఫండ్ ఆఫీసులు, స్కానింగ్ సెంటర్లు, ప్రైవేటు దవాఖానలు, కాలేజీలు, ఫైనాన్సు సంస్థలు, మడికొండ లాంటి చోట్ల వస్తున్న చిన్న ఐటీ కంపెనీలను తలుపులు, తాళాల సంగతి అడిగేవాళ్ళు లేరు. ఒక చిట్‌ఫండ్ బీరువాలో ఉండేవి ఏమిటి? జామీనుదారుల ప్రామిసరీ నోట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు, ఆధార్, పాన్ జిరాక్సులు, జీతం సర్టిఫికెట్లు. అవి చేతులు మారితే నష్టపోయేది యజమాని కన్నా ముందు ఆ కాగితాల మీద సంతకం పెట్టిన మామూలు మనుషులు. అందుకే ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాం.

తాళం, గ్రిల్, లాకరు ఏదైనా దొంగను ఆపవు, ఆలస్యం చేస్తాయి. బ్యాటరీ గ్రైండర్ చేతిలో ఉన్నవాడికి మామూలు తాళం నిమిషం పని. కాబట్టి లెక్క వేయాల్సింది ఒక్కటే: దొంగ మొదటి అడ్డంకిని ముట్టుకున్న క్షణం నుంచి అసలు వస్తువు చేతికందే దాకా పట్టే సమయం ఎక్కువా, మనకు కబురు అంది మనిషి అక్కడికి చేరే సమయం ఎక్కువా? లాకరు గదిలోనే మొదటి సెన్సరు పెట్టినవాళ్ళు కిటికీ దగ్గర, వరండా దగ్గర దొరికే సమయాన్నంతా వదిలేసుకున్నట్టే. సెన్సరు వీలైనంత బయట ఉండాలి, గట్టి అడ్డంకులు దాని తర్వాత రావాలి. చాలా ఆఫీసుల్లో ఇది తలకిందులుగా ఉంది.

బయటి నుంచే మొదలుపెడదాం. షట్టరుకు రెండు పక్కల తాళాలు వేసి మధ్యలో ఏమీ లేకపోతే, మధ్యలో జాకీ పెట్టి లేపి మనిషి దూరేంత సందు చేస్తారు. నేలలోకి దిగే సెంటర్ లాకు తప్పనిసరి. కిటికీ గ్రిల్ బయటి వైపు నుంచి స్క్రూలతో బిగించి ఉంటే అది వానకు అడ్డం కూడా కాదు. 12 మిల్లీమీటర్ల చువ్వలు, నాలుగు అంగుళాలకు మించని సందు, గోడలోకి కాంక్రీటుతో దిగిన హోల్డ్‌ఫాస్టులు (ఫ్రేమును గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు), ఫ్రేముకు వెల్డింగు ఉండాలి. వెనక గోడ వైపున్న బాత్రూమ్ వెంటిలేటరు, ఏసీ కోసం తీసిన కన్నం, పక్క భవనం మెట్ల మీదుగా అందే సన్‌షేడ్, డాబా మీది మెట్ల తలుపు, ఈ నాలుగూ ఎవరూ చూడరు. డాబా తలుపుకు ఆరు వందల రూపాయల తాళం, ముందు తలుపుకు కార్డుతోనో వేలిముద్రతోనో తెరుచుకునే నలభై వేల యాక్సెస్ కంట్రోల్ పెట్టిన చోట దొంగ ఎటు నుంచి వస్తాడో వేరే చెప్పక్కర్లేదు.

లోపల అన్నిటికన్నా మోసం చేసేది ఫాల్స్ సీలింగ్. సర్వరు గదికీ రికార్డు గదికీ ప్లైవుడ్ పార్టిషన్ కట్టి, సీలింగు దాకా మాత్రమే తెచ్చి ఆపేస్తారు. పక్క గదిలో టేబుల్ ఎక్కి, ఒక పలక పైకి నెట్టి, అటు దిగితే చాలు. తలుపుకున్న కార్డు, వేలిముద్ర, కోడ్ ఏదీ పనికిరాదు. గోడ స్లాబు దాకా పోవాలి. ఇప్పటికే కట్టేసి ఉంటే సీలింగుకూ స్లాబుకూ మధ్య యాంగిల్ ఫ్రేము వేసి దానికి వెల్డ్ మెష్ అతికించాలి. ఒక పూట పని అది. అలాగే సర్వరు గది తలుపు బయటికి తెరుచుకునేదైతే హింజ్‌లు బయటే ఉంటాయి. పిన్ను పైకి కొట్టి తలుపును అటు పక్క నుంచి ఊడదీస్తారు. పిన్ను రాకుండా వెల్డింగు బొట్టు పెట్టించండి, లేదా పిన్ను ఊడినా తలుపు కదలకుండా పట్టే సెక్యూరిటీ హింజ్‌లు వేయించండి.

ఇక వేలిముద్ర మిషన్ల గురించి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అందరూ ఇప్పుడు వాటినే నమ్ముకున్నారు. చవక రకం మిషన్లలో తాళాన్ని తెరిచే రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్) ఆ మిషన్‌లోనే ఉంటుంది. మిషన్ ఉండేదేమో తలుపు బయట. అడుగున ఉన్న ఒక్క స్క్రూ తీసి గోడ నుంచి కిందికి దించితే వెనక తాళానికి పోయే రెండు వైర్లు చేతికొస్తాయి. వేలు పెట్టకుండానే ఆ వైర్లతో తలుపు తెరవచ్చు. దీనికి మందు, రిలే లోపలి గదిలో వేరే పెట్టెలో ఉండడం. మిషన్ బయట ఉండి గుర్తింపు మాత్రమే చేయాలి, తెరవమనే ఆజ్ఞ లోపలి కంట్రోలరు ఇవ్వాలి. మిషన్‌ను గోడ నుంచి తీయగానే మోగే ట్యాంపర్ స్విచ్ చాలా మోడళ్ళలో ఉంటుంది కానీ బిగించేవాళ్ళు ఆ వైరు కలపరు. ఇంకొక సంగతి, ఈ మిషన్లలో చాలావాటికి అడ్మిన్‌ను, అంటే పేర్లు చేర్చే, తీసే అధికారం ఉన్న మనిషిని, నమోదు చేయకపోతే మెనూ బటన్ నొక్కిన ఎవరికైనా తెరుచుకుంటుంది. వచ్చినవాడు తన వేలు తానే చేర్చుకుని వెళ్ళవచ్చు. ఈ రోజే మీ మిషన్ దగ్గరికెళ్ళి మెనూ నొక్కి చూడండి. అడ్మిన్ వేలు అడగకుండా తెరుచుకుంటే, ఇప్పటిదాకా ఎవరెవరు నమోదయ్యారో మొత్తం జాబితా తీసి, పోల్చి చూడాల్సిందే.

కార్డుల్లో కూడా తేడాలున్నాయి. 125 కిలోహెర్ట్జ్ రకం కార్డుకు నకలు తీసే పరికరం ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది. 13.56 మెగాహెర్ట్జ్ కార్డుల్లో కూడా పాత మైఫేర్ క్లాసిక్ రకం రక్షణ 2008లోనే బద్దలైంది. కొత్తగా కొనేవాళ్ళు డెస్‌ఫైర్ రకం అడిగి తీసుకోండి. ఉద్యోగి మానేసిన రోజు సాయంత్రంలోపే కార్డు, వేలిముద్ర, అలారం కోడ్, ఈమెయిల్ నాలుగూ ఆగిపోవాలి. జీతం లెక్క చూసే వాళ్ళు తుది లెక్క కట్టే కాగితం మీదే ఈ నాలుగింటికీ సంతకం గడి పెడితే మరిచిపోయే అవకాశం ఉండదు. మామూలు తాళంచెవులదీ ఇదే తీరు. ఎన్ని కాపీలున్నాయో తెలియని తాళం మార్చేయడమే మంచిది. పెద్ద తాళమంతా మార్చనక్కర్లేదు, సిలిండరు ఒక్కటి మారిస్తే సరిపోతుంది.

ఇక్కడే మనుషుల ప్రాణాల సంగతి వస్తుంది. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు రేగినప్పుడు ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. వాళ్ళలో ఎక్కువ మంది వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగం కోసం వెళ్ళిన పిల్లలు. ఆ దుఃఖం ఈ ప్రాంతంలో ఇంకా ఆరలేదు. డేటా కాపాడుతున్నామన్న పేరుతో వెనక మెట్ల తలుపుకు తాళం వేయడం, ఆ మెట్ల మీద పాత కుర్చీలు, రికార్డుల మూటలు పేర్చడం ఎవరు చేసినా నేరంగానే చూడాలి. దొంగ లోపలికి రాకూడదు, మనిషి మాత్రం ఎప్పుడైనా బయటికి పోగలగాలి. ఈ రెండూ ఒకే తలుపుతో సాధ్యమే. బయట పిడి లేకుండా, లోపల అడ్డ కడ్డీ నెట్టగానే తెరుచుకునే పానిక్ బార్ పెట్టి, అది తెరుచుకోగానే మోగే సైరన్ కలిపితే చాలు. ఎవరైనా సిగరెట్ కోసం ఆ తలుపు వాడినా తెలిసిపోతుంది.

మ్యాగ్నెటిక్ లాకు కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది, పోతే వదిలేస్తుంది. జనం బయటికి పోయే దారిలో అది మంచి గుణమే, ఫైర్ అలారం మోగగానే కరెంటు కట్టయ్యేలా కలిపి ఉంచాలి. సర్వరు గదికి మాత్రం అదే గుణం ప్రమాదం. 280 కిలోల బలానికి ఆగే రకం మ్యాగ్నెట్ అర ఆంపియర్ దాకా కరెంటు తాగుతుంది, కంట్రోలరుతో కలిపితే ఇంకా ఎక్కువ. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కొత్తదైతే కాగితం మీద ఎనిమిది గంటలు రావాలి. మూడు ఎండాకాలాలు చూసిన బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో మెయిన్ ఆపి గడియారం పెట్టి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. ఆదివారం కరెంటు పోతే సోమవారం పొద్దున దాకా ఆ తలుపు తెరిచే ఉంటుందన్నమాట. సర్వరు గదికి, కరెంటు పోయినా బిగుసుకునే ఉండి లోపలి నుంచి పిడి తిప్పితే తెరుచుకునే రకం తాళం వేయాలి.

అలారంలో తెగే వైరు కన్నా ఎక్కువగా పనిచేయకుండా పోయేది సిమ్ కార్డు. అలారం ప్యానెల్‌లో (సెన్సర్లన్నీ కలిసే పెట్టెలో) వేసిన సిమ్ రీఛార్జి అయిపోయి నెలలు గడుస్తాయి. పైన ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు. ఏడాది ప్లాన్ వేయించి, ప్యానెల్ రోజుకోసారి తనంతట తానే మెసేజి పంపేలా సెట్ చేయించండి. మెసేజి రాని రోజే అసలు అలారం. వైరు కోసినా, కలిపేసినా మోగాలంటే ప్రతి సెన్సరు చివర రెసిస్టర్ ఉండాలి. ప్యానెల్ ఆ విలువను ఎప్పుడూ చూస్తూ ఉంటుంది, వైరు తెగినా, రెండు వైర్లు కలిపేసినా విలువ మారి తెలిసిపోతుంది. చాలామంది టెక్నీషియన్లు ఆ రెసిస్టర్లను సెన్సరు చివర కాకుండా ప్యానెల్ పెట్టెలోనే బిగించేస్తారు, పని తొందరగా అవుతుందని. అప్పుడు మధ్యలో వైర్లు రెండూ కలిపేస్తే ప్యానెల్‌కు తెలియదు. పెట్టె మూత తీయించి చూడండి, రెసిస్టర్లన్నీ వరసగా అక్కడే కనిపిస్తే పని మళ్ళీ చేయించుకోండి.

కెమెరాల దగ్గరికి వస్తే, 2013 ప్రజాభద్రత చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజుల ఫుటేజీ దాచాలి. లెక్క వేసి చూడండి. 2 మెగాపిక్సెల్ కెమెరా, వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో రోజంతా రికార్డు చేస్తే రోజుకు 21.6 జీబీ. ఎనిమిది కెమెరాలకు నెలకు 5.2 టీబీ. మామూలుగా బిగించి ఇచ్చేది 1 టీబీ డిస్కు. అంటే ఆరు రోజులు కూడా నిండకుండానే పాతది చెరిగిపోతుంది. పాత హెచ్.264 అయితే మూడు రోజులే. నిజంగా 30 రోజులు కావాలంటే ఎనిమిది కెమెరాలకు 6 టీబీ డిస్కు, అదీ నిఘా కోసమే తయారైన రకం కావాలి. ఇంట్లో కంప్యూటరు డిస్కు వేస్తే రాత్రింబగళ్ళు రాసీ రాసీ తొందరగా చెడుతుంది, చెడిన సంగతి ఫుటేజీ అవసరమైన రోజు దాకా బయటపడదు.

ముఖం గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్ళు ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. 2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ 1920 పిక్సెళ్ళ వెడల్పు. అంటే అది చూసే దృశ్యం ఏడున్నర మీటర్లకు మించి వెడల్పుంటే మనిషి కదిలాడని తెలుస్తుంది తప్ప ఎవరో తెలియదు. ప్రతి గుమ్మానికీ ఒక కెమెరా దగ్గరగా, తల కన్నా కొంచెమే ఎత్తులో, ముఖం వైపు పెట్టాలి. 12 అడుగుల ఎత్తున స్లాబుకు బిగించిన దానిలో కనిపించేవి టోపీలు, నెత్తులు. వీధి వైపు గుమ్మం ఉంటే వెనక వెలుతురుకు మనిషి నల్లటి నీడలా వస్తాడు, వెలుతురునూ నీడనూ సర్దే డబ్ల్యూడీఆర్ ఉన్న కెమెరా అక్కడ వేయాలి. మన దగ్గర కోతుల బెడద ఇంకొకటి. పొడవు మూతి బుల్లెట్ కెమెరాలకు వేలాడి దిశ తిప్పేస్తాయి, కేబుళ్ళు లాగేస్తాయి. బయట గుండ్రటి డోమ్ కెమెరాలు, జీఐ పైపులో కేబులు వేయడం మేలు. వారానికోసారి స్క్రీన్ ముందు కూర్చుని ప్రతి కెమెరా ఎటు చూస్తోందో, తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో చూడాలి. గడియారం పది నిమిషాలు తేడా ఉంటే కోర్టులో ఎదుటి లాయరుకు అది చాలు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఫుటేజీతో పాటు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం) రాసిన ధ్రువపత్రం ఇవ్వాలి. ఫోనుతో స్క్రీన్‌ను వీడియో తీసి పోలీసులకు పంపడం సరిపోదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎగుమతి చేయడం కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి.

డీవీఆర్ మేనేజరు టేబుల్ మీద, టీవీ పక్కన ఉంటే దొంగకు మనమే అప్పజెప్పినట్టు. గాలి ఆడే ఇనుప పెట్టెలో పెట్టి, ఎదురుగా కనిపించని చోట గోడకు బిగించాలి. గుమ్మం కెమెరాలు రెండింటికైనా లోపలే మెమరీ కార్డు వేస్తే పెట్టె పోయినా కొన్ని రోజుల రికార్డింగు మిగులుతుంది. ఫోనులో చూసుకోవడానికని రూటర్లో పోర్టు (ఇంటర్నెట్ నుంచి లోపలికి దారి) తెరిచి, ఫ్యాక్టరీ పాస్‌వర్డు అలాగే వదిలేయడం అన్నిటికన్నా పెద్ద ముప్పు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో మహిళా రోగులను పరీక్షించే గది దృశ్యాలు ఇంటర్నెట్‌లోకి ఎక్కిన సంగతి దేశమంతా చూసింది. అసలు పరీక్ష గదిలో, బట్టలు మార్చుకునే గదిలో, పాలిచ్చే గదిలో కెమెరా ఎందుకు? తీసేయించాలి. కెమెరాల నెట్‌వర్కును ఆఫీసు కంప్యూటర్ల నుంచి వేరు చేయాలి. కొత్తవి కొనేటప్పుడు కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ ఎస్‌టీక్యూసీ ధ్రువీకరణ ఉందో లేదో అడగాలి, 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు ఆ భద్రతా ప్రమాణాలు తప్పనిసరి.

నీళ్ళ సంగతి వరంగల్ వాళ్ళకు వేరే చెప్పాలా? 2020 ఆగస్టు వరద, 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్ట తెగడం, 2025 అక్టోబరులో మొంథా తుఫాను. ఐదారేళ్ళలోనే ఇన్నిసార్లు మునిగిన ఊళ్ళో ఇప్పటికీ యూపీఎస్ బ్యాటరీలు సెల్లారులో, రికార్డు గది గ్రౌండ్ ఫ్లోరులో ఉంటున్నాయి. సర్వరు, యూపీఎస్ మొదటి అంతస్తుకు పోవాలి. కుదరనిచోట ముందటి వరదలో గోడ మీద నీళ్ళు నిలిచిన గీతకు కనీసం అడుగు పైన స్టాండు వేయాలి. సర్వరు ర్యాకు సరిగ్గా పైనే ఏసీ బిగించడం మరో మామూలు పొరపాటు. డ్రెయిన్ పైపు పూడుకుపోతే నీళ్ళు నేరుగా ర్యాకులోకే కారతాయి. బ్యాకప్ డిస్కు అదే గదిలో, అదే ర్యాకు మీద ఉంటే దాన్ని బ్యాకప్ అనలేం. వారానికొకటి ఎన్‌క్రిప్ట్ చేసి (పాస్‌వర్డు లేకుండా చదవలేని రూపంలోకి మార్చి) వేరే భవనానికి పోవాలి. మంటలకు అక్కడ పౌడరు సిలిండరు కాకుండా 4.5 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ది పెట్టండి. పౌడరు పడితే మంట ఆరినా బోర్డులు పాడవుతాయి. ఈ సిలిండరుకు ఒత్తిడి చూపే ముల్లు ఉండదు, తూకం వేసే చూడాలి, గ్యాసు పదో వంతు తగ్గితే నింపించాలి. చిన్న మూసిన గదిలో దాన్ని వదిలితే ఆక్సిజన్ తగ్గి మనిషి పడిపోతాడు. తలుపు దగ్గర నిలబడి కొట్టి వెంటనే బయటికి రావాలని సిబ్బందికి చెప్పి ఉంచండి.

కాగితాల గురించి రాయకుండా ఉండలేం. పాత అప్లికేషన్ ఫారాలు, ల్యాబు రిపోర్టులు కిలోల లెక్కన అమ్మితే అవి మిర్చీ బజ్జీల పొట్లాలై తిరిగొస్తున్నాయి, పేరు, ఫోను నంబరు, ఆధార్ నంబరుతో సహా. పొడవు పట్టీలుగా కోసే ష్రెడ్డరు చాలదు, ఓపికున్నవాడు పట్టీలు అతికించి చదువుతాడు. అడ్డంగా, నిలువుగా కోసే పీ-4 రకం కొనండి. అద్దె జిరాక్స్ మిషన్లు వెనక్కిచ్చేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, ఆఫీసు రకం పెద్ద మిషన్లలో చాలావాటికి లోపల హార్డ్ డిస్కు ఉంటుంది, తీసిన కాపీల నకళ్ళు అందులో మిగలవచ్చు. డిస్కు చెరిపించి రాతపూర్వకంగా తీసుకోండి. పాత కంప్యూటర్ల డిస్కులు ఫార్మాట్ చేసి పాత ఇనుప సామాన్ల వాళ్ళకు ఇవ్వడం కూడదు, ఫార్మాట్‌తో ఫైళ్ళు పోవు. డ్రిల్లుతో పలకలకు నాలుగైదు రంధ్రాలు వేయించి నమోదైన ఈ-వ్యర్థాల సంస్థకే ఇవ్వాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు ఉంది. సమాచారానికి తగిన రక్షణ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పోవచ్చు. కాగితం మీద ఉన్నంతవరకు ఆ చట్టం రాదు కానీ స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించగానే వస్తుంది.

గేటు దగ్గర తెరిచి పెట్టే విజిటర్ల రిజిస్టరు కూడా లీకే. ముందు వచ్చిన ముప్పై మంది పేర్లు, ఫోను నంబర్లు తర్వాత వచ్చినవాడు తిరగేసి చదువుకుంటాడు. ఒక్కొక్కరికి ఒక్కో చీటీ ఇచ్చి, నింపాక డబ్బాలో వేయించాలి. గుర్తింపు కార్డు చూసి చివరి నాలుగు అంకెలు రాసుకుంటే చాలు, ఆధార్ జిరాక్సు తీసుకోవద్దు. వాటర్ క్యాన్ల అబ్బాయి, ఏసీ మెకానిక్, ఇంటర్నెట్ వైరు చూడటానికి వచ్చినతను, వీళ్ళను ఎవరూ ఆపరు. పిలిచిందెవరో ఆఫీసులో అడిగి, ఆ మనిషి వచ్చి వెంట తీసుకెళ్తేనే పంపాలి. వేచి ఉండే హాల్లో గోడకున్న నెట్‌వర్కు పాయింటు వాడకపోతే నెట్‌వర్కు స్విచ్ దగ్గరే ఆపేయండి. కౌంటరు మీది కంప్యూటరు తెర జనం వైపు తిరిగి ఉంటే టేబులు తిప్పితే సరిపోతుంది, దానికి ఖర్చు లేదు.

కాపలాదారుల విషయంలో మాకు చాలా బాధ ఉంది. ఒక గేటు 24 గంటలూ చూడాలంటే ఎనిమిది గంటల షిఫ్టు చొప్పున వారానికి 21 షిఫ్టులు. ఒక మనిషి ఆరు చేస్తే మూడున్నర మంది, సెలవులు, జబ్బులు కలిపితే నలుగురైదుగురు కావాలి. ఇద్దరితో నెట్టుకొస్తున్నారంటే ఒక్కొక్కరు 12 గంటలు, వారపు సెలవు లేకుండా నిలబడుతున్నారని అర్థం. తెల్లవారుజామున మూడింటికి ఆయన నిద్రపోతే తప్పు ఆయనదా? 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి. కేంద్ర నమూనా నియమాల ప్రకారం గార్డుకు 100 గంటల తరగతి, 60 గంటల క్షేత్ర శిక్షణ ఇవ్వాలి. ఒప్పందం రాసే ముందు లైసెన్సు ప్రతి, ప్రతి గార్డు పోలీసు విచారణ కాగితం, శిక్షణ పత్రం అడగండి. ఆయన ఏం చేయాలో తెలుగులో ఒక్క పేజీ రాసి గేటు దగ్గర అంటించండి: ఎవరిని ఆపాలి, అలారం మోగితే మొదట ఎవరికి ఫోను చేయాలి, 112కు ఎప్పుడు చేయాలి, ఎప్పుడు దొంగను పట్టుకోవాలని చూడకుండా దూరంగా ఉండాలి. చాయ్ తేవడానికి, బండ్లు తీయడానికి ఆయన్ను పంపితే గేటు ఖాళీ.

దవాఖానల్లో రోగి బంధువుల కోపం డాక్టర్ల మీద, నర్సుల మీద పడటం చూస్తూనే ఉన్నాం. 2008లోనే దానిమీద చట్టం వచ్చింది, మూడేళ్ళ దాకా జైలు. ఆ చట్టం బోర్డు మీద ఉంటే చాలదు. కన్సల్టేషన్ గదిలో డాక్టరు కుర్చీ తలుపుకు దగ్గరగా, వచ్చినవాళ్ళ కుర్చీలు లోపలికి ఉండాలి. ఇప్పుడు ఎక్కడ చూసినా అటుదిటు ఉంటుంది, గొడవ మొదలైతే డాక్టరే లోపల చిక్కుకుంటారు. క్యాజువాలిటీ కౌంటరు వెనక రెండో తలుపు, టేబుల్ కింద పానిక్ బటన్ ఉండాలి. ఆ బటన్ నొక్కితే సైరన్ అక్కడే మోగకూడదు, సెక్యూరిటీ గదిలో మోగాలి. ఆడపిల్లలు రాత్రి షిఫ్టు దిగి నడిచే పార్కింగు దారిలో లైట్లు టైమరు మీద కాకుండా షిఫ్టు ముగిసి చివరి మనిషి వెళ్ళేదాకా వెలగాలి.

ఖర్చు గురించి అడిగేవాళ్ళకు: పైన రాసిన వాటిలో సగం డబ్బుతో పని లేనివి. అడ్మిన్ నమోదు, పాస్‌వర్డు మార్పు, మెట్ల మీది సామాను తీయడం, కుర్చీ తిప్పడం ఈ వారమే చేయవచ్చు. తర్వాత బ్యాటరీలు, సిమ్, డిస్కు. ఆ తర్వాత గ్రిల్, మెష్, తాళం. కొత్త కెమెరాలు చివరికి.

మా విన్నపం రెండు చోట్లకు. గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ, మిగతా మున్సిపాలిటీలు ట్రేడ్ లైసెన్సు పునరుద్ధరించేటప్పుడు అత్యవసర దారి తెరిచి ఉన్న ఫోటో, ఫైర్ సిలిండర్ల తూకం తేదీ, 30 రోజుల కిందటి ఫుటేజీ తెరిచిన స్క్రీన్ ఫోటో ఈ మూడూ జత చేయమనాలి. వరంగల్, కరీంనగర్, రామగుండం, నిజామాబాద్ పోలీసు కమిషనరేట్ల సిబ్బంది సంస్థలకు వెళ్ళినప్పుడు కెమెరాలు ఎన్ని అని అడగడం మాని, నెల కిందటి ఏదో ఒక తేదీ చెప్పి అక్కడికక్కడే చూపించమనాలి.

ఇట్లు,
సంస్థల భద్రతా ఏర్పాట్లు చూసే పనిలో ఉన్న కొందరు,
హన్మకొండ.